లినక్సు కంప్యూటరులో డయల్-అప్ మోడెం: లోపాన్ని కనిపెట్టే క్రమం

డయల్-అప్ అనగా సాధారణ టెలిఫోను తీగ మీదుగా ఒక సంఖ్యకు ఫోను చేసి ఇంటర్నెట్టును అందుకొనే పద్ధతి. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశ ప్రజలకు ఇంటర్నెట్టును తెరచినది ఈ మార్గంలోనే. 2005 జనవరిలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండు సేవను ఆరంభించినప్పటికీ, రాగి తీగ మీద నడిచే ఆ సేవ ఎక్స్ఛేంజి నుండి నాలుగైదు కిలోమీటర్లు దాటితే సరిగా అందదు. సాలూరు నుండి ఘాటీ ఎక్కి పొట్టంగి, సెమిలిగుడ, సునాబెడల మీదుగా కొరాపుట్ చేరే రహదారికి ఇరువైపులా, కొండల నడుమ ఉన్న పల్లెలకు ఆ దూరమే పెద్ద అడ్డంకి. అటువంటి చోట్ల ఆంధ్రలో చదివే పిల్లవాని పరీక్షా ఫలితం చూడవలెనన్నా, దరఖాస్తు గడువు తెలుసుకొనవలెనన్నా, ఫోను ఉన్న ఇంట డయల్-అప్పే దిక్కుగా ఉండేది.

ఆ పద్ధతి ఇప్పుడు దాదాపు కనుమరుగైనది. అమెరికాలో దానికి మారుపేరుగా నిలిచిన ఎ.ఓ.ఎల్. సంస్థ కూడ 2025 సెప్టెంబరు 30న తన డయల్-అప్ సేవను ముగించినది. అయినను ఈ విషయం తెలిసి ఉండుట వ్యర్థం కాదు. మోడెంతో మాట్లాడే ఆదేశాల భాష, కంప్యూటరును నెట్టుతో ముడివేసే పీపీపీ అను ఒప్పందం నేటికీ బ్రతికే ఉన్నవి. యూఎస్‌బీ డాంగిలును లినక్సుకు తగిలించినప్పుడు చాలాసార్లు లోపల నడిచేది ఆ పాత తంతే.

ఈ వ్యాసంలో ఆదేశాల పేర్లు పలికే తీరులో తెలుగు లిపిలో ఇవ్వబడినవి. కీబోర్డు మీద వాటిని ఆంగ్ల అక్షరాలతోనే టైపు చేయవలెను.

లినక్సు ఇంటికి వచ్చిన దారి

56 కిలోబిట్ల మోడెం తన పూర్తి వేగంతో నడిచినా సెకనుకు ఏడు వేల బైట్లే తెచ్చును. ఒక మెగాబైటుకు రెండున్నర నిమిషాలు పట్టును. పల్లె తీగ మీద సాధారణంగా దొరికే 33.6 కిలోబిట్ల వేగంతో 700 మెగాబైట్ల సీడీని దింపుకొనవలెనంటే నలభై ఆరు గంటలు కావలెను. కనుక లినక్సు ఈ ఊళ్ళకు తీగ మీద రాలేదు, టపాలో వచ్చినది. పీసీ క్వెస్ట్ పత్రికతోను, 2003లో మొదలైన లినక్స్ ఫర్ యు పత్రికతోను సీడీలు వచ్చేవి. ఉబుంటువారు 2011 వరకు, అడిగినవారికి పైసా తీసుకొనకుండ సీడీలను టపాలో పంపించిరి.

సీడీ పెట్టి లినక్సును స్థాపించిన తరువాత అసలు చిక్కు మొదలయ్యేది. మోడెం పలకదు, పలికించే చోదక సాఫ్ట్‌వేరు నెట్టులో ఉన్నది, నెట్టుకు పోవలెనంటే మోడెం పలకవలెను. ఏరు దాటుటకు తెప్ప కావలెను, ఆ తెప్ప అవతలి ఒడ్డున ఉన్నది. సునాబెడలోనో జయపురంలోనో ఇంటర్నెట్టు కేంద్రానికి పోయి, ఆ ఫైలును ఫ్లాపీలోనో పెన్‌డ్రైవులోనో తెచ్చుకొనుటయే దానికి మార్గం. అయితే ఏ ఫైలు కావలెనో ముందే తెలిసి పోవలెను. తెలియక పోయినవారు బస్సు చార్జీ, గంట రుసుము రెండూ పోగొట్టుకొని, మరునాడు మళ్ళీ పోయేవారు.

అందువల్ల లోపాన్ని వరుసగా వెదకవలెను. తీగ, మోడెం, ఫోను చేయుట, పీపీపీ ఒప్పందం, ఆ తరువాత చిరునామాల వెదుకులాట: గొలుసులో ఈ అయిదు కొలికులు ఉన్నవి. ఒక్కొక్కటి తెగినప్పుడు తెర మీద కనబడే మాట వేరు. ఆ మాటను చదివితే సగం పని అయినట్లే. విండోసు ఒక సంఖ్య చూపి ఊరకుండును. లినక్సు జరిగినదంతా తెర మీద వ్రాయును. దానిని భయపడి చూడకుండ మూసివేయుట చాలామంది చేసే పని.

మొదట తీగ

కంప్యూటరు జోలికి పోకముందు ఫోను రిసీవరు ఎత్తి అర నిమిషం వినవలెను. డయల్ ధ్వని నిలకడగా ఉండవలెను. మనుషుల మాటకు అడ్డురాని చిటపటలు, బరబరలు మోడెంకు ప్రాణాంతకం. మనం సగం మాట వినబడినా అర్థం చేసుకొందుము. మోడెం చెడిన ముక్కను మళ్ళీ పంపమని అడుగును, అడిగి అడిగి వేగం తగ్గించుకొనును, చివరకు లైను వదలివేయును. వానాకాలంలో ఈ బాధ పెరుగుటకు కారణం స్తంభాల మీది అతుకులలోకి, గోడ మీది పెట్టెలోకి చెమ్మ చేరుటయే. గోడ పెట్టె మూత తీసి, పచ్చబడిన రాగి కొసలను గీకి, మర బిగించుట ఇంటివారు చేయదగిన పని. దానికి ఆవలిది లైన్‌మన్ చూడవలెను.

ఒకే తీగ మీద రెండవ ఫోను సమాంతరంగా ఉన్నచో, పక్క గదిలో ఎవరైనా రిసీవరు ఎత్తిన క్షణం నెట్టు తెగిపోవును. ఉమ్మడి కుటుంబాలలో తరచు జరిగేది ఇదే. మోడెంకు నేరుగా తీగ ఇచ్చి, ఫోనును మోడెం వెనుక రెండవ రంధ్రానికి తగిలించుట మేలు.

వేసవి చివరి ఉరుముల కాలంలో మరొక జాగ్రత్త. పిడుగు దూరాన పడినా దాని విద్యుత్తు టెలిఫోను తీగ వెంట వచ్చి మోడెంను కాల్చివేయగలదు. కరెంటు స్విచ్చి ఆపినంత మాత్రాన చాలదు, టెలిఫోను తీగను ఊడదీయవలెను. ఒకసారి ఉరిమిన తరువాత మోడెం కంప్యూటరుకు కనబడుతూ, డయల్ ధ్వని మాత్రం లేదని చెప్పుచున్నచో, లైనుకు సంబంధించిన భాగం కాలిపోయినదని అనుమానించవలెను. ఇక అమరికలు మార్చి లాభం లేదు.

మోడెం జాతి

లినక్సు వాడినవారు మిక్కిలి సమయం పోగొట్టుకొన్న చోటు ఇది. మోడెంలు రెండు జాతులు. మొదటిది తన పని తానే చేసుకొనే సంపూర్ణ మోడెం. పెట్టె వలె బయట కూర్చొని, సీరియల్ తీగతో కంప్యూటరుకు తగిలేవి దాదాపు అన్నియు ఈ జాతివే. రెండవది కంప్యూటరు లోపల బిగించే చౌక కార్డు. ధ్వనిని అంకెలుగా, అంకెలను ధ్వనిగా మార్చే పనిని ఇది కంప్యూటరు ప్రాసెసరు మీదికి నెట్టివేయును. ఆ పని చేసే సాఫ్ట్‌వేరు విండోసుకే వ్రాయబడినందున దీనికి విన్‌మోడెం అని పేరు వచ్చినది. దుకాణంలో అమర్చి ఇచ్చిన కంప్యూటర్లలో ధర తగ్గుటకు ఎక్కువగా ఇవే ఉండేవి. విండోసులో చక్కగా పలికిన మోడెం లినక్సులో మూగబోయినచో, చెడినదని పారవేయరాదు; జాతి ఏదో చూడవలెను.

చూచుటకు ఎల్‌ఎస్‌పీసీఐ అను ఆదేశం చాలును. అది కార్డు మీది చిప్పు పేరును చెప్పును. ఇంటెల్ 536, 537 చిప్పులకు ఆ సంస్థయే చోదకాన్ని ఇచ్చినది. లూసెంటు చిప్పులకు ఎల్‌టీమోడెం, స్మార్ట్ లింక్ చిప్పులకు ఎస్‌ఎల్‌మోడెం ఉండేవి. కోనెక్సెంటు చిప్పులకు లినక్సెంటు అను సంస్థ చోదకం అమ్మినది. దాని ఉచిత ప్రతి 14.4 కిలోబిట్లకు మించి పోనిచ్చేది కాదు. ఆ వేగంతో ఒక మెగాబైటుకు తొమ్మిది నిమిషాలు పైగా పట్టును. చిప్పు ఏదో తేలనప్పుడు స్కాన్‌మోడెం అను చిన్న పరికరాన్ని నడిపితే, ఏ చోదకం తగునో అదే ఒక ఫైలులో వ్రాసి పెట్టేది. ఇంటర్నెట్టు కేంద్రానికి పోయేటప్పుడు చేత పట్టుకొనవలసిన చీటీ అది. లినక్సు కెర్నెలు సంచిక సంఖ్యను కూడ దాని మీద వ్రాసుకొనవలెను. ఒక సంచికకు కట్టిన చోదకం మరొకదానికి పనికిరాదు.

నేడు ఎవరైనను పాత కంప్యూటరును బాగుచేయదలచినచో, విన్‌మోడెంతో కుస్తీ పట్టవద్దు. ఆ చోదకాలు కొత్త కెర్నెళ్ళతో కుదరవు. సీరియల్ పెట్టె మోడెం గాని, యూఎస్ రోబోటిక్స్ 5637 వంటి సంపూర్ణ యూఎస్‌బీ మోడెం గాని అయితే చోదకం వెదకుకొనకుండనే పలుకును.

మోడెంతో మాట

లినక్సులో ప్రతి పరికరం డెవ్ అను సంచయంలో ఒక ఫైలుగా కనబడును. విండోసులో కామ్1 అనబడేది ఇక్కడ టీటీవైఎస్0, కామ్2 అనబడేది టీటీవైఎస్1. అంకె ఒకటి తక్కువగా ఉండుట గమనించవలెను. పొరపాట్లు ఇక్కడే ఎక్కువ. యూఎస్‌బీ మోడెం అయితే టీటీవైఏసీఎం0 లేక టీటీవైయూఎస్‌బీ0.

మినీకామ్ అను సాధనాన్ని తెరచి, ఆ పరికరం పేరు ఇచ్చి, వేగాన్ని 115200గా నిలిపి, ఏటీ అని టైపు చేసి ఎంటర్ నొక్కవలెను. ఓకే అని జవాబు వచ్చినచో కంప్యూటరుకు, మోడెంకు మధ్య లోపం లేదు. ఈ ఏటీ ఆదేశాలను 1981లో హేస్ సంస్థ తన స్మార్ట్‌మోడెంతో ప్రవేశపెట్టినది. ఆ తరువాత వచ్చిన సంస్థలన్నియు వాటినే అనుసరించినవి. ఏటీజెడ్ మోడెంను మొదటి స్థితికి తెచ్చును. ఏటీఐ దాని వివరం చెప్పును. ఏటీహెచ్ లైను వదలును.

జవాబే రానిచో పోర్టు పేరు తప్పు కావచ్చును. అనుమతి లేదని వచ్చినచో వాడుకరిని డయలౌట్ అను సమూహంలో చేర్చి, బయటికి వచ్చి మళ్ళీ లాగిన్ కావలెను. ప్రతి చిన్న పనికి రూట్‌గా ప్రవేశించే అలవాటు పిల్లలు వాడే కంప్యూటరులో మంచిది కాదు.

డబ్బు పోయే విఫలం, పోని విఫలం

ఫోను చేయుటకు లినక్సులో డబ్ల్యూవీడయల్, కేడీఈ తెరలో కేపీపీపీ, గ్నోమ్ తెరలో గ్నోమ్‌పీపీపీ వాడుకలో ఉండేవి. డబ్ల్యూవీడయల్‌కాన్ఫ్ అను ఆదేశం మోడెంను తానే వెదకి అమరికల ఫైలును వ్రాయును. అందులో ఫోను సంఖ్య, వాడుకరి పేరు, సంకేతపదం మాత్రమే మనం నింపవలెను. ఫోను సంఖ్యను నింపేటప్పుడు సరిహద్దు ఊళ్ళవారు ప్రత్యేకించి జాగ్రత్త పడవలెను. ఆంధ్ర వైపు బంధువుల ఇంట పనిచేసిన అమరికలను అట్లే తెచ్చుకొన్నచో, అందులోని సంఖ్య ఈ జిల్లాలో ఎస్.టి.డి. కావచ్చును. మోడెం ఆ తేడా ఎరుగదు, మీటరు ఎరుగును.

ఇక జవాబులు. నో డయల్ టోన్ అని వచ్చినచో ఫోను కలియనే లేదు, పైసా ఖర్చు లేదు. రిసీవరులో ధ్వని వినబడుచుండగా మోడెం ఇట్లు చెప్పినచో, అది మన దేశపు ధ్వనిని గుర్తించుట లేదని అర్థం. అమెరికా డయల్ ధ్వని 350, 440 హెర్ట్జ్‌ల కలయిక. మన దేశంలోనిది 400 హెర్ట్జ్ ప్రాంతపు ధ్వని. మోడెం అమెరికా అలవాటుతో వినుచున్నది. అమరికల ఫైలులో ఏటీఎక్స్3 అని చేర్చినచో ధ్వని కొరకు వేచియుండక నేరుగా డయల్ చేయును. ఈ ఒక్క మార్పుతో బాగుపడిన మోడెంలు లెక్కలేనన్ని.

డయల్ చేసినట్లే చేసి, వెనుక డయల్ ధ్వని ఆగక వినబడుచున్నచో, ఎక్స్ఛేంజి టోన్ పద్ధతిని అందుకొనుట లేదు. ఏటీడీటీ బదులు ఏటీడీపీ పెట్టినచో పాత చక్రం ఫోను వలె టకటక మని డయల్ చేయును. బిజీ అని వచ్చినచో అవతలి లైన్లు నిండినవి. దీనికి కూడ ఖర్చు లేదు.

నో క్యారియర్ అను జవాబు వేరు. అవతలి మోడెం ఫోను ఎత్తినది, ఇద్దరు కీచుమని పలకరించుకొన్నారు, మాట కుదరలేదు. ఎత్తిన క్షణమే మీటరు తిరిగినది. పది మార్లు ఇట్లు విఫలమైనచో పది పిలుపులు లెక్కకు వచ్చును. కనుక ఈ జవాబు రెండు మార్లు వచ్చిన వెంటనే ఆగి అమరిక మార్చవలెను. మళ్ళీ మళ్ళీ డయల్ చేయుమని డబ్ల్యూవీడయల్‌ను వదలి పొలానికి పోరాదు. మొదట ఏటీఎస్7=90 అని చేర్చి, అవతలి ధ్వని కొరకు వేచియుండే సమయాన్ని పెంచవలెను. అప్పటికీ కుదరనిచో వేగాన్ని తగ్గించవలెను. 1998లో వచ్చిన వీ.90 ప్రమాణపు 56 కిలోబిట్ల వేగానికి, ఎక్స్ఛేంజి నుండి ఆవలికి దారి అంతయు అంకెల రూపంలో ఉండవలెను. మధ్యలో మరొక చోట ధ్వని రూపానికి మారినచో ఆ వేగం అసాధ్యం. దొరకని దాని కొరకు ప్రయత్నించి మోడెం లైను పోగొట్టుకొనును. చాలా మోడెంలలో ఏటీ+ఎంఎస్=వీ34 అని చెప్పినచో 33.6కు లోబడి నిలకడగా నడుచును. నిమిషానికొకసారి తెగే 44 కంటె గంటసేపు నిలిచే 26 మేలు.

కలిసిన తరువాత

కనెక్ట్ అని తెర మీద వచ్చిన తరువాత పీపీపీడీ అను కార్యక్రమం రంగంలోకి దిగును. పేరు, సంకేతపదం అడిగి సరిచూచి, కంప్యూటరుకు ఒక చిరునామా ఇప్పించును. విఫలమైనచో ఒక సంఖ్య చెప్పి నిష్క్రమించును. 19 అయినచో పేరో సంకేతపదమో తప్పు. పెద్దబడి అక్షరం, చిన్నబడి అక్షరం తేడా మొదట చూడవలెను. 16 అయినచో లైను మధ్యలో తెగినది, మళ్ళీ తీగ దగ్గరికి పోవలెను. 6 అయినచో మోడెంను మరొక కార్యక్రమం పట్టుకొని ఉన్నది, బహుశా మూయకుండ వదలిన మినీకామ్. 10 అయినచో ఒప్పందం కుదరలేదు. డబ్ల్యూవీడయల్ అమరికలలో స్టుపిడ్ మోడ్ అనుదానిని 1గా మార్చి చూడవలెను. పేరు వెక్కిరింతగా ఉన్నను ఉపయోగం గొప్పది: అవతలివాడు ప్రశ్న అడుగునని ఎదురుచూడక నేరుగా పీపీపీని మొదలుపెట్టును.

11 మాత్రం వింతది. మనం అవతలివానిని గుర్తింపు చూపమని అడుగుచున్నాము, వాడు చూపుట లేదు. కంప్యూటరులో నెట్‌వర్కు కార్డుకు ముందే ఒక ప్రధాన దారి అమర్చబడి ఉన్నప్పుడు పీపీపీడీ ఇట్లు అనుమానపడును. నోఆత్ అను మాటను దాని అమరికలలో చేర్చినచో సమసిపోవును. ఆ పాత దారి మరొక చిక్కు కూడ తెచ్చును: నెట్టు కలిసినట్లు చూపును గాని పుట ఒక్కటీ తెరుచుకొనదు, ఏలననగా అభ్యర్థనలన్నియు మోడెం వైపు పోక కార్డు వైపు పోవుచున్నవి. ఆ దారిని తొలగించి మళ్ళీ కలుపవలెను.

కలిసినా పుటలు రానప్పుడు పింగ్ 8.8.8.8 అని చూడవలెను. జవాబు వచ్చి, పేరుతో అడిగినప్పుడు మాత్రం రానిచో, దారి ఉన్నది, పేర్లను చిరునామాలుగా మార్చే సర్వరు తెలియలేదు. యూస్‌పీర్‌డీఎన్‌ఎస్ అను మాట పీపీపీడీ అమరికలలో ఉన్నదో లేదో చూడవలెను. అంకెలకు కూడ జవాబు లేనిచో పైన చెప్పిన దారి సమస్యయే.

పుట తెరుచుకొని తెలుగుకు బదులు గజిబిజి అక్షరాలు కనబడుట మోడెం లోపం కాదు. ఆ కాలపు తెలుగు దినపత్రికలు కొన్ని యూనికోడు కాక తమ సొంత ఖతులు వాడేవి. ఫైర్‌ఫాక్సుకు పద్మ అను పొడిగింతను చేర్చినచో వాటిని యూనికోడులోకి మార్చి చూపేది. డబ్బాలు కనబడినచో ఖతి లేదన్నమాట. 2004లో రెడ్ హ్యాట్ విడుదల చేసిన లోహిత్ ఖతులలో తెలుగు, ఒడియా రెండూ ఉన్నవి. బడిలో ఒడియా, ఇంట తెలుగు చదివే పిల్లలున్న ఇళ్ళలో ఆ రెండింటిని ఒకేసారి స్థాపించుకొనవలెను.

తీగ లేని మోడెంలు

తీగ వేయుట కష్టమైన ఊళ్ళకు బి.ఎస్.ఎన్.ఎల్. సీడీఎంఏ డబ్ల్యూఎల్ఎల్ ఫోన్లు ఇచ్చినది. ఆ ఫోను తానే మోడెం. డేటా తీగతో కంప్యూటరుకు తగిలించి #777 కు డయల్ చేసినచో, తీగ ఫోను కంటె రెండింతల వేగం దొరికేది. డబ్ల్యూవీడయల్‌లో క్యారియర్ చెక్ అనుదానిని నో అని మార్చనిచో కలిసిన వెంటనే తెగిపోయేది. ఆ సేవ తరువాత మూతబడినది.

దాని స్థానంలో వచ్చిన యూఎస్‌బీ డాంగిళ్ళు మొదట సీడీ వలె కనబడి లినక్సును తికమక పెట్టును. యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అను సాధనం వాటిని మోడెంగా మార్చును. ఆపైన డయల్ సంఖ్య *99#. బి.ఎస్.ఎన్.ఎల్. సిమ్ము అయితే ఏపీఎన్ స్థానంలో బీఎస్ఎన్ఎల్‌నెట్ అని ఇవ్వవలెను. ఇంకను కొత్త డాంగిళ్ళలో కొన్ని నెట్‌వర్కు కార్డు వలె నడుచును గనుక డయల్ చేయనక్కరలేదు.

కొండ మాటున సిగ్నలు ఎంత ఉన్నదో గీతలు చూచి ఊహించుట కంటె, మినీకామ్‌లో ఏటీ+సీఎస్‌క్యూ అని అడుగుట నయం. 0 నుండి 31 వరకు అంకె వచ్చును. 10 లోపు ఉన్నచో డాంగిలును పొడిగింపు తీగతో కిటికీ దగ్గరికో మిద్దె మీదికో చేర్చి మళ్ళీ అడగవలెను. 99 వచ్చినచో సిగ్నలు తెలియుట లేదని. ఏటీ+కాప్స్? అని అడిగినచో ఏ నెట్‌వర్కు టవరును పట్టుకొన్నదో చెప్పును. సరిహద్దు గట్టు మీది ఇళ్ళలో డాంగిలు ఒకసారి ఒడిశా టవరును, మరొకసారి ఆంధ్ర టవరును పట్టి, మారిన ప్రతిసారి నెట్టు తెగుట కద్దు. అప్పుడు నెట్‌వర్కు ఎంపికను స్వయంచాలకం నుండి తప్పించి, బలమైన టవరు ఏదో చూచి చేతితో నిలపవలెను.